తొడ వెనక స్నాయువు

"నీ కాలిది తీస్తే సరిపోతుందిగా. నువ్వేమన్నా పరుగు పందేలకి వెళ్ళాలా ఏంటి?"

గోరాన్ ఈ మాట కాల్చిన మిరపకాయలు వలుస్తూ అనలేదు. భార్య వలిచిపెట్టినదాన్ని రొట్టెలో పెట్టుకుని తింటూ అన్నాడు. సెప్టెంబరు వచ్చిందంటే లెస్కోవత్స్ ఊళ్ళో ఏ పెరట్లో చూసినా ఇదే పొగ, ఇవే ఎర్రటి లావుపాటి మిరపకాయలు. చలికాలానికి సరిపడా ఐవార్ పచ్చడి సీసాలకి ఎక్కేదాకా ఇంటి ఆడదానికి ఊపిరి సలపదు. బిల్యానా పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. మొగుడి మాట విని వేళ్ళకంటిన మాడు తొక్క దులుపుకుంది.

కూతురు నెవెనాకి పదిహేడేళ్ళు. హ్యాండ్‌బాల్ అంటే ప్రాణం. ఓ మ్యాచ్‌లో గాల్లోకి ఎగిరి కిందికి దిగేసరికి మోకాల్లో లిగమెంటు పుటుక్కున తెగింది. తెగినదాన్ని కుట్టినా అతుక్కోదని, ఆ పిల్ల తొడ వెనకనుంచే, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువు తీసి, మడిచి, ఎముకలకి బెజ్జాలు వేసి, వాటిల్లోంచి లాగి బిగించారు. ఈ వసంతంలో అదీ తెగిపోయింది. పిల్ల స్నాయువులు మరీ సన్నం, ఈసారి తల్లిదండ్రుల్లో ఒకరిది తీసి వేద్దామంది నీష్ ఊళ్ళో సర్జన్, డాక్టర్ లాలిచ్. "అమ్మదైనా సరే, నాన్నదైనా సరే" అని ఇద్దరినీ చూస్తూనే చెప్పింది ఆవిడ. కారు ఇంటికి చేరేసరికి నాన్న పేరు దారిలో ఎక్కడో జారిపోయింది.

ఇవ్వడానికి బిల్యానాకి బాధ లేదు. పిల్ల అడిగితే రెండు కాళ్ళూ కోసి ఇస్తుంది. కానీ అడగాలి కదా! ఎవరూ అడగలేదు. ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో చెప్పినంత తేలిగ్గా, తీసుకోవాల్సింది ఎవరి దగ్గరో తేల్చేశారు. అత్తగారు రూజా అయితే "తల్లన్నాక ఆ మాత్రం చెయ్యదా" అని పక్కింటావిడకి అప్పుడే చెప్పేసింది కూడా. బిల్యానాకి లోపల ఇంకో బెరుకుంది. ఆ కుడి మోకాలు ఎప్పట్నుంచో ఆమె మాట వినడంలేదు. నెవెనా పాకే రోజుల్లో, స్లావా పండగ ముందురోజు, ఊరగాయల బుట్టతో నేలమాళిగ మెట్లు దిగుతుంటే లోపల ఏదో తెగిన చప్పుడైంది. ఇంటిని కాచే పునీతుడి పండగ అది, ఇంటినిండా చుట్టాలు. "బెణికిందంతేలే పిల్లా" అని అత్తగారు క్యాబేజీ ఆకు చుట్టి, రకియా సారాలో తడిపిన గుడ్డ కట్టింది. ఆ ఇంట్లో ఏ నొప్పికైనా అదే మందు. మర్నాడు చుట్టాలు భోజనాల దగ్గర్నుంచి లేచేదాకా బిల్యానా నిలబడి వడ్డించింది. తర్వాత్తర్వాత మెట్ల మీద మోకాలు ఒక్కసారిగా పట్టు తప్పేది. "మా ఆవిడ డాన్సు చేసుకుంటూ దిగుతుంది" అని గోరాన్ స్నేహితుల ముందు జోకు వేసేవాడు, అందరితోపాటు తనూ నవ్వేది. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వు మీదే ఒళ్ళు మండుతోంది.

నీష్ ఆస్పత్రిలో డాక్టర్ లాలిచ్ ఆమెను బల్లమీద పడుకోబెట్టి కుడి మోకాలు కొంచెం వంచింది. ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో పిక్కను ముందుకి లాగింది. కాలు సొరుగులా ముందుకి జరిగింది. డాక్టరు మళ్ళీ లాగి చూసింది.

"ఇది ఎప్పుడు తెగింది?"

"తెగలేదండీ. బెణికింది, పిల్ల చిన్నప్పుడు."

"బెణకడం కాదు. లోపల లిగమెంటే లేదు. ఇన్నేళ్ళూ మిమ్మల్ని నిలబెట్టినవి ఈ తొడ వెనక కండరాలే. నేను తీద్దామనుకున్నది వాటి స్నాయువునే. తియ్యను, మీరు కూలబడతారు."

గోరాన్ గొంతు సవరించుకున్నాడు. "అయితే రెండో కాలు ఉందిగా డాక్టరుగారూ?"

డాక్టరు అతన్ని కాసేపు చూసి, "ఒళ్ళంతా ఆ కాలిమీదే మోస్తున్నారండీ ఆవిడ" అంది.

మూల కుర్చీలో చేతికర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నెవెనా తల్లి మోకాలి వంకే చూస్తోంది. "అమ్మా, నొప్పి పుట్టేదా?"

అబ్బే లేదమ్మా అనడానికి నోరు తెరిచింది బిల్యానా. ఆ అబద్ధం నాలుక చివర్లోనే ఉంటుంది ఎప్పుడూ. కానీ అడిగింది కూతురు. ఇంట్లో ఆ మాట అడిగినవాళ్ళు ఇంతకాలానికి ఇదొక్కతే. అడిగినదానికి అబద్ధం చెప్తే ఇది కూడా రేపు అబద్ధాలే నేర్చుకుంటుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పుట్టేది, నెవెనా. చాలా నొప్పి పుట్టేది."

"సరేగానీ ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు గోరాన్ నెత్తి గోక్కుంటూ. "నేనా, లారీ నడపాలి. క్లచ్ తొక్కాలి. ఇప్పుడు సరుకు తోలే రోజులు..."

బిల్యానా బల్లమీంచి లేచి కూర్చుంది. కూతురి కాలు ఒకవైపు, తన కాలు ఒకవైపు. కూతుర్ని ఎంచుకుంటే తనను వదులుకోవాలని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, తనే అలా బతికింది. మొగుడి మొహంలో బెదురు చూసింది. మొదటిసారి అతనిమీద కాస్త జాలి కూడా వేసింది, కానీ మాట మార్చుకునేంత కాదు.

"ఆయనది తియ్యండి డాక్టరుగారూ."

"బిల్యా!"

"పిల్ల నీది కూడా గోరాన్."

"ఈయనది మందంగా కూడా ఉంటుంది" అంది డాక్టరు ముక్తసరిగా. నెవెనా తండ్రి వంక చూసింది. గోరాన్ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏ కాలిది తీస్తే మంచిదని మెల్లగా అడిగాడు.

బిల్యానా చెప్పులు వేసుకుంటూ ఆగింది. "నా మోకాలు కూడా బాగు చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు. మీ మోకాలి చిప్ప కింది స్నాయువులోంచే ఓ ముక్క తీసి వేస్తాను. లేవడానికి నెలలు పడుతుంది, ఇంట్లో వాళ్ళు చూసుకోవాలి. ఎప్పుడైతే మీవాళ్ళకి వీలవుతుంది?"

"వాళ్ళకి వీలైన రోజు ఏ సంవత్సరంలోనూ రాదండీ. మీకు ఎప్పుడు వీలో చెప్పండి, నేనొస్తాను."