తెయిషీదో దారిలో ముగ్గురు

ఊళ్లోకొచ్చే రొట్టెల వాను దగ్గర పొరుగింటి ఎర్మీనియా అన్నదట: "తొమ్మిదేళ్లు అన్న మొహం చూడని సెర్వాందో, ఇప్పుడా అన్న ఆత్మని వెంటబెట్టుకుని తెయిషీదో గుడికి నడుస్తాడట. మనిషి చచ్చాక కాళ్లొచ్చాయమ్మా ఈ చుట్టరికానికి!" రొట్టెలకొచ్చినవాళ్లంతా నవ్వారట. ఆ మాట సెర్వాందో చెవిన పడనే పడింది. అందులో అబద్ధం ఏముంది గనక?

తగువు నీళ్ల వంతు దగ్గర మొదలైంది. మంగళవారం వాగు నీళ్లు ఎవరి గడ్డిమడికి పారాలన్నది, అంతే. అన్న ఎలాదియో ఫిబ్రవరిలో పోయాడు. పోతూ పోతూ భార్య ఒబ్దూలియాతో ఒకటే చెప్పాడు: "బతికుండగా తెయిషీదో పోలేకపోయాను. ఇక ఇట్టా పోవాల్సిందే. తమ్ముణ్ణి వచ్చి పిలవమను. వాడు పిలిస్తేనే లేస్తాను."

తెయిషీదోలో పునీత అంద్రేయ గుడికి బతికుండగా వెళ్లనివాళ్లు పోయాకైనా వెళ్లాలి. అయినవాళ్లు సమాధి దగ్గర పేరుపెట్టి పిలవాలి, దారి పొడుగునా మాట్లాడుతూ తీసుకెళ్లాలి. పిలవకపోతే ఆత్మ కదలదు.

బయల్దేరే రోజు పొద్దున సెర్వాందో సమాధుల తోట గేటు దాకా వెళ్లాడు. ఇనుప గడియ మీద చెయ్యి వేశాడు. "అన్నా" అనే మాట తొమ్మిదేళ్లుగా వాడక గొంతులోనే తుప్పు పట్టిపోయింది. ఎంతసేపు నిలబడ్డా పైకి రాలేదు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని బూట్ల తాళ్లు బిగించుకుంటుంటే, వదిన ఎక్కడికో వెళ్లి వచ్చి, "పిలిచావా?" అని అడిగింది. తలూపాడు.

నడక మొదలైంది. యూకలిప్టస్ తోపులు దాటి మొక్కజొన్న చేలగట్ల వెంట వెళ్తున్నారు. మలుపు మలుపుకీ ఒబ్దూలియా గాలితో మాట్లాడుతూనే ఉంది. "ఎడమకి, ఎలాదియో. నీకు కుడి ఎడమలు ఎప్పుడు తెలిశాయి గనక? పెళ్లినాడు నన్ను పక్క ఊరి గుడికి తీసుకుపోయినవాడివి!"

వింటూ సెర్వాందో తల వంచుకుని నడక వేగం పెంచాడు. అన్న అక్కడే, మట్టిలోనే ఉన్నాడు. ఈ పిచ్చిది ఎవరితో మాట్లాడుతోంది?

దారికి అడ్డంగా ఒక బల్లి. "చూసి నడువు అబ్బాయ్," అంది వదిన. "అది ఏ ఆత్మో, ఎవరూ తోడు రాక ఒంటరిగా పోతున్నట్టుంది." సెర్వాందో ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, అది పొదలో దూరాక దించాడు.

మధ్యాహ్నం వదిన మొక్కజొన్న రొట్టె మూడు ముక్కలు చేసింది. మూడో ముక్క సెర్వాందో పక్కన రాతి మీద పెట్టింది.

"మోకాళ్లు పట్టేశాయి," అంది లేస్తూ. "అన్నదమ్ములు మీరిద్దరూ ముందు నడవండి. నేను నిదానంగా వస్తాను."

కొండ అంచున గంట పైగా ఒక్కడే నడిచాడు. అడుగున సముద్రం రొద. పక్కన ఎవరున్నారని మాట్లాడతాడు? యాత్రికులు మనిషికో రాయి చొప్పున పేర్చిన గుట్ట దగ్గర ఆగాడు. వదిన వచ్చి జేబులోంచి మూడు రాళ్లు తీసి, రెండు అతని చేతిలో పెట్టింది. "నీదీ, మీ అన్నదీ."

ఆ రెండో రాయి మోయలేకపోయాడు. దిగువన గుడి గోపురం కనబడుతోంది. అక్కడే కూలబడి ఏడ్చాడు.

"వదినా, నేను పిలవలేదు. గేటు దగ్గర్నించే తిరిగొచ్చాను. అన్న రాలేదు. పొద్దుట్నించీ నువ్వు ఉత్త గాలితో..."

ఒబ్దూలియా తన రాయిని గుట్ట మీద సర్ది, చేతులు దులుపుకుంది.

"చూశాను. నువ్వు బూట్లు కట్టుకుంటుంటే నేనే వెళ్లాను. 'తమ్ముడు గేటు దగ్గర నిలబడ్డాడు, రా' అని పిలిచాను. వచ్చాడు. పొద్దుట్నించీ నీ పక్కనే నడిచాడు. ఒక్క మాటైనా మాట్లాడావా?"