గీతకు పైనా, గీతకు కిందా

నేను ఒక కళ్లజోడుని. గోధుమరంగు ఫ్రేము, రెండు అద్దాల అడుగునా నెలవంకలాంటి చిన్న గీత. గీతకు పైనుంచి చూస్తే దూరం, కిందనుంచి చూస్తే దగ్గర. బైఫోకల్ అంటారు. దూరానికీ దగ్గరకీ మధ్య ఉండేదాన్ని చూపించడం నాకు చేతకాదు. ఆ మధ్యలోనే ఒక మనిషి బతుకంతా ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

నా ఫ్రేము ఎక్కడో దూరాన అచ్చులో పుట్టి, అట్టపెట్టెలో కాకినాడ చేరింది. అక్కడ ఒక కళ్లజోళ్ల కొట్టు గోడకు నన్ను తగిలించారు. ఏడాదికి పైగా వేలాడుతూ వచ్చిపోయేవాళ్లను చూశాను. జోడు కొనడానికి వచ్చిన మనిషి ముందుగా అద్దంలో తన మొహం చూసుకుంటాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, జుట్టు సర్దుకుని, పక్కవాళ్లను అడిగి మరీ చూసుకుంటాడు. దేన్ని చూడటానికి కొంటున్నాడో మాత్రం అతనికి గుర్తుండదు, అమ్మేవాడూ అడగడు.

మంగతాయారు గారు అద్దం వైపు చూడలేదు. ఆవిడ కొట్టులోకి వచ్చినప్పటినుంచీ అందరి నోళ్ల వైపే చూస్తోంది. యాభై ఆరేళ్ల మనిషి, నేత చీర, చేతిలో విరిగిపోయిన పాత జోడు. నాకు తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఇరవై ఏళ్ల కిందట పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఆవిడకు చెవులు పోయాయి. మాట పోలేదు. ఎదుటివాళ్ల పెదాల కదలిక చూసి ఏమంటున్నారో తెలుసుకోవడం తనంతట తనే నేర్చుకుంది.

పరీక్ష గదిలో దీపం ఆర్పేశారు. "ఇది బాగుందా, ఇంతకు ముందుది బాగుందా?" అని చీకట్లో డాక్టరు అడిగాడు. చీకట్లో పెదాలు కనిపించవు. పైగా ఆవిడ సొంత జోడు విరిగింది. తన చెవుల సంగతి చెప్పడానికి మొహమాటపడి, "బాగానే ఉందండి" అంది. అడిగిన ప్రతిసారీ అదే మాట అంది.

బయటికొచ్చాక అమ్మే కుర్రాడు సొరుగులోకి వంగి ఏదో వెతుకుతూ గబగబా చెప్పుకుపోయాడు. "యాంటీ గ్లేర్ వేయించుకోండి మేడమ్, లైటు పడినా అద్దం మెరవదు, మీ కళ్లు ఎదుటివాళ్లకి చక్కగా కనపడతాయి. గీతలు పడకుండా ఇంకో పూత ఉంది. బైఫోకల్ అలవాటే కదా? ప్రోగ్రెసివ్ అయితే గీత ఉండదు, మధ్య దూరం కూడా కనపడుద్ది, కాకపోతే అలవాటవ్వాలి. బైఫోకలే రాసేస్తున్నానండి?"

వంగిన తల పైకి లేచి తన వైపు చూడగానే ఆవిడ తల ఊపింది. వినపడనివాళ్లు ఇలాంటప్పుడు సాధారణంగా చేసే పని అదే. ప్రతి మాటకూ "ఏమన్నారు" అంటే ఎదుటివాళ్ల మొహంలో విసుగు కనిపిస్తుంది. ఆ విసుగు చదవడం ఆవిడకు ఏ మాట చదవడం కన్నా బాగా వచ్చు.

అలా నేను ఆవిడ దాన్నయ్యాను. మర్నాటినుంచి ఆవిడ చెవుల మీద కాళ్లు చాపుకుని, ఆవిడకు వినిపించనివన్నీ నేను వింటూ కూర్చున్నాను.

కాకినాడలోనే జగన్నాథపురంలో, కాలవ ఒడ్డున, ఆవిడదీ ఆవిడ ఆడబిడ్డ గంగాభవానిదీ చిన్న టిఫిన్ హోటలు. ఇద్దరికీ భర్తలు లేరు. భవాని పొయ్యి దగ్గర, తాయారమ్మ కౌంటరులో. వచ్చినవాళ్లు కౌంటరు అవతల నిలబడి ఏం కావాలో చెబుతారు, ఆవిడ లోపలికి కేకేస్తుంది. ఆవిడకు వినపడదని సగం మందికి తెలియదు. పెదాలు రెండూ కలిస్తే అది ప కావచ్చు, బ కావచ్చు, మ కావచ్చు. మిగతాది మొహం చూసి పోల్చుకోవాలి. పాత జోడు పవర్ చాలనిది. దాంతో బస్సు బోర్డులు కనిపించేవి కావు. కానీ కౌంటరు అవతలి మొహం మాత్రం అచ్చుగుద్దినట్టు కనిపించేదట. నేను వచ్చాక బస్సు బోర్డులు కనిపించాయి, మందుసీసా మీది చీమతలకాయంత అక్షరాలు కనిపించాయి. బారెడు దూరంలో ఉన్న మనిషి నోరు మాత్రం గీతకు పైనా మసకే, కిందా మసకే.

మొదటి రోజే పెసరట్టు అడిగినవాళ్లకు మినపట్టు వెళ్లింది. "కళ్లజోడు కొత్త కదా, అలవాటవుద్దిలే" అని ఆవిడ భవానికి సర్దిచెప్పింది. వారం గడిచినా అలవాటు కాలేదు. అయినా ఎవరికీ చెప్పలేదు. చెవులు లేవు, ఇప్పుడు కళ్లు కూడానా అంటారని, కౌంటరులో ఇంకెవరినో కూర్చోబెడతారని భయం. ఆ కుర్చీ దాటితే ఆవిణ్ణి పలకరించే మనిషి లేడు.

ఒక్కడున్నాడు. పేర్రాజు గారు రేవులో పడవలు నడిపే సరంగుగా పనిచేసి మానేసిన మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. రోజూ జనం పలచబడే వేళకు వచ్చి, కౌంటరు పక్క బల్ల దగ్గర కూర్చుని, ఆవిడ వైపు తిరిగి నిదానంగా మాట్లాడేవాడు. పడవల గురించి, సముద్రం పోటుపాట్ల గురించి, తన చేతివంట గురించి. ఆవిడకు పెదాలు కనపడాలని గుబురు మీసాలు కత్తిరించుకున్నాడని భవాని ఎవరికో చెబుతుంటే విన్నాను. ఆయన లేచి వెళ్లాక తాయారమ్మ తనలో తను నవ్వుకుంటూ ఆ బల్ల తనే తుడిచేది.

నేను వచ్చాక ఆయన మాటలు కూడా మసకబారాయి. ఆవిడ రెండుసార్లు, మూడుసార్లు మళ్లీ చెప్పించుకుంది. తర్వాత అడగడం మానేసి, ఆయన నవ్వితే నవ్వేది, ఆగితే తల ఊపేది.

ఒక పూట ఆయన టిఫిను ముట్టుకోకుండా కూర్చున్నాడు. ప్లేటు పక్కకు జరిపి అన్నాడు.

"మా అక్కకి పక్షవాతం వచ్చిందండి. వాళ్ల ఊరు ఓడలరేవొచ్చి తనతో ఉండమంటంది. వెళ్తే ఇంక అక్కడే. నాకైతే ఈ ఊరు వదలాలని లేదండి తాయారు గారు. ఆవిణ్ణే ఇక్కడికి తెచ్చుకుంటాను, మీరు ఉండమంటే. ఈ వయసులో ఎలా అడగాలో తెలీక ఇలా అడుగుతున్నాను. మీకు నేను అక్కర్లేదంటే చెప్పండి, వెళ్లిపోతాను. వెళ్లమంటారా?"

నాకు ప్రతి అక్షరం వినిపించింది. ఆవిడ గీతకు పైనుంచి చూసింది, గడ్డం ఎత్తి కిందనుంచి చూసింది. నీళ్లలో చేప కదిలినట్టు ఏదో కదిలింది, అంతే. ఆయన ఆగి ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు.

ఆవిడ తల ఊపింది. "అలాగేనండి. మంచిదే" అంది, నవ్వుతూ.

ఆయన ఒక గ్లాసు నీళ్లు తాగాడు. "సరేనండి" అని లేచాడు. ముక్కు మీద కూర్చున్నదాన్ని, నేనేం చెప్పగలను.

మర్నాడు బల్ల ఖాళీ. ఆ తర్వాతా ఖాళీయే. ఆవిడ గుమ్మం వైపు చూసి చూసి, చివరికి వంటింట్లోకి వెళ్లి అడిగింది. "పేర్రాజు గారు రావట్లేదేంటి, ఒంట్లో బాలేదా?"

భవాని ఏదో చెప్పింది. తాయారమ్మకు అందలేదు. ఆవిడ భవాని మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, పుస్తకాన్ని పట్టుకున్నట్టు జానెడు దూరానికి లాక్కుంది. నా నెలవంకలోంచి భవాని పెదాలు స్పష్టంగా కనిపించాయి.

"ఓడలరేవు వెళ్లిపోయారు కదా వొదినా. నిన్నడిగితే వెళ్లమన్నావంట, మంచిదే అన్నావంట. సామాను లారీకి ఎక్కించేటప్పుడు నాతో చెప్పారు. నీకు ఇష్టం లేదేమో అని నేను నోరెత్తలేదు."

తాయారమ్మ చేతులు భవాని చెంపల మీదే ఉండిపోయాయి. "నాకు కనపళ్లేదు భవానీ" అంది. "ఈ జోడు వచ్చినకాడినుంచి ఎవరి నోరూ కనపడట్లేదు. ఊరికే తలూపుతున్నాను."

"నాకు చెప్పొచ్చు కదా వొదినా."



ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కళ్లజోళ్ల కొట్టుకు వెళ్లారు. ఈసారి తాయారమ్మ గట్టిగా అంది. "నాకు వినపడదండి. లైటు వెయ్యండి, నా వైపు తిరిగి మాట్లాడండి." డాక్టరు లైటు వేశాడు. తాయారమ్మ భవానిని బారెడు దూరంలో నిలబెట్టి, "ఆవిడ ఏమంటందో నాకు తెలియాలి, ఆ దూరానికి కావాలి" అంది. గీత లేని అద్దాలు తీసుకుంది. మెరవకుండా పూత కూడా వేయించుకుంది, ఈసారి అదేమిటో అడిగి తెలుసుకుని. కొత్త జోడు రాగానే నన్ను పెట్టెలో పెట్టి కౌంటరు సొరుగులో పడేశారు. సొరుగు సరిగా మూసుకోదు. అందుకే జరిగినవన్నీ నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

కొత్త జోడు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆవిడ బస్సెక్కి ఓడలరేవు వెళ్లింది. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది. భవాని పొయ్యి కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చున్న చప్పుడైంది.

"దొరికారా?"

"దొరికారు. అరుగు మీద కూర్చుని వాళ్లక్కకి అన్నం తినిపిస్తన్నారు. మొన్న మీరన్నది నాకు కనపళ్లేదండి, ఇప్పుడు కనపడుద్ది, మళ్లీ అనండి అన్నాను."

"అన్నారా?"

"అన్నారు. మొత్తం అన్నారు." ఆవిడ గొంతు నిలకడగానే ఉంది. "తర్వాత, అది అప్పటి మాటండి అన్నారు. వాళ్లక్క ఇల్లు కదిలే స్థితిలో లేదంట. చెయ్యి పట్టుకుని, నేనున్నంతకాలం వదల్ను అని మాటిచ్చేశారంట. 'వారం ముందైతే ఎలాగోలా తెచ్చుకునేవాణ్ణి, ఇప్పుడు ఆవిణ్ణి ఏమని కదిపేది' అన్నారు."

"అయితే నువ్వే వాళ్ల దగ్గరికి వెళ్లి ఉండకూడదా వొదినా?"

"ఆయన రమ్మనలేదు భవానీ. కళ్లు తుడుచుకున్నారు గానీ, రమ్మనలేదు."

భవాని మెల్లగా అడిగింది. "ఇంతకీ అంతా కనపడిందా?"

"కనపడింది. ఒక్క మాట కూడా పోలేదు."

ఇప్పుడు హోటల్లో పొరపాట్లు లేవు. పెసరట్టు అడిగితే పెసరట్టే వస్తుంది. ఆవిడ అందరితో మాట్లాడుతుంది, అందరూ ఆవిడతో మాట్లాడతారు. జనం పలచబడే వేళకు మాత్రం కొత్త జోడు తీసి పక్కన పెడుతుంది. సొరుగు లాగి నన్ను తీసి పెట్టుకుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంది. ఆ పనికి నేను బాగా పనికొస్తాను. తల ఎత్తితే పేర్రాజు గారు కూర్చునే పక్క బల్ల మసగ్గా ఉంటుంది. ఎవరైనా కూర్చున్నారో లేదో నాలోంచి తెలియదు. ఆవిడ అప్పుడప్పుడూ తల ఎత్తి అటు చూస్తుంది. కొత్త జోడు చేతికందే దూరంలోనే ఉంటుంది, తీసి పెట్టుకోదు.