మదనపల్లె కోడలు చదివిన సీరియల్

అత్తగారింట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదివేది మాత్రం కన్నడం. చింతామణి దగ్గరి ఆ పల్లెలో ఉన్నది కన్నడ బడి మరి. మదనపల్లె నుంచి కోడలిగా వచ్చిన నాకొక్కదానికే తెలుగు అక్షరాలు వచ్చు. అందుకని 1961లో, మద్రాసు నుంచి వచ్చే వారపత్రికలోని సీరియల్ చదివి వినిపించడం నా పనయింది. మా అత్త అక్కయమ్మ చెనక్కాయలు ఒలుస్తూ వినేది. పక్కింటి హనుమక్క కూడా వచ్చి కూర్చునేది.

సీరియల్లో సులోచన బి.ఎ. చదివి, పెళ్లి వద్దని ఆఫీసులో చేరింది. ఆ పిల్ల అత్తకు తెగ నచ్చింది.

మా ఆడబిడ్డ యశోద కోలారులో టీచర్ ట్రైనింగుకు అర్జీ నింపి పెట్టుకుంది. సంతకం చేయాల్సింది మామగారు, చేయించాల్సింది అత్త.

“ఉండు. ఆ సులోచన ఏమైతాదో చూసి చెప్తా,” అంది అత్త.

నవ్వకండి. చదువుకుని ఉద్యోగం చేసే ఆడది ఆమెకు తెలిసింది ఆ ఒక్కతే. అందుకే సులోచన మేనేజరుతో కారెక్కిన పేజీని నేను చదవకుండా మింగేశాను. ఎవరికీ తెలియలేదు.

ఆఖరి వారం వచ్చింది. సులోచన నలుగురి చేతా మాటపడి, మంచం పట్టి, “నా చదువే నన్ను చెరిపింది నాన్నా” అంటూ కన్నుమూసింది. రాసినవాడెవడో గాని కడుపు తరుక్కుపోయేలా రాశాడు. నేనూ మహా బాగా చదివాను. మధ్యలో ఆగి, కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాను. హనుమక్క ముక్కు చీదింది.

అత్త చాట పక్కన పెట్టింది. “అర్జీ ఇట్లియ్యి యశోదా,” అంది. తీసుకుని పొయ్యిలో పెట్టింది. కోపంగా కూడా కాదు.

నేను పొట్టు ఊడుస్తుంటే యశోద వచ్చింది.

“వదినా, నిజంగా సచ్చిపోయినట్లే రాసుండారా?”

“అట్లే ఉండాది.”

“బతికిచ్చి చదవాల్సింది. మాకెవురికీ తెలుగు చదవను రాదు కదా.”

“ఏడుపొచ్చేసిందమ్మా. తోచలేదు,” అన్నాను. నిజమే చెప్పాను.

యశోద నా చేతిలోని చీపురు తీసుకుని తక్కిన వాకిలి ఊడ్చింది.

ఆ మాఘమాసంలో యశోదను పాతపాళ్యకు ఇచ్చి చేశారు. అంపకాలప్పుడు అందరూ ఏడ్చారు. సులోచన కోసం వచ్చిన ఏడుపు నాకక్కడ రాలేదు.