పెట్టెలో చేరిన గొంతు

షాపులో అతన్ని అందరూ ఎనభై అని పిలిచేవాళ్ళు. వయసు నలభై నాలుగే. ఎవరింట్లో హోమ్ థియేటర్ బిగించినా సబ్‌ఊఫర్ వెనకాల నాబ్‌ని ఎనభై అంకె మీద పెట్టేసి, మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేస్తాడు కాబట్టి ఆ పేరు.

నాబ్ సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఉరుములు, పేలుళ్ళు, బరువైన శబ్దాలన్నీ నేలమీద కూర్చునే ఆ పెద్ద పెట్టె చూసుకుంటుంది. మిగతావన్నీ గోడకున్న చిన్న స్పీకర్లు చూసుకుంటాయి. ఎవరి పని ఎక్కడిదాకా అని మధ్యలో గీసే గీతే క్రాసోవర్. గీత మరీ కిందికి ఉంటే కొన్ని శబ్దాలు ఎవరికీ చెందకుండా మధ్యలో రాలిపోతాయి. మరీ పైకి ఉంటే మాటలు కూడా పెట్టెలోకి దిగిపోయి, తెరమీద మనిషి ఎదురుగా నోరు కదుపుతుంటే గొంతేమో సోఫా పక్క మూలనుంచి వస్తుంది. ఎనభై పెడితే ఎవరూ ఫోన్ చేసి తిట్టరు. నిజానికి గది గదికీ విని చూసి పెట్టాల్సిన అంకె అది. అతను వినేవాడు కాదు. పని అయ్యాక ఇంటిల్లిపాదీ సోఫాలో సర్దుకుని మొదటి సినిమా పెట్టుకుంటారే, ఆ దృశ్యం చూడలేక తొందరగా బయటపడేవాడు.

అతని గొంతు రేకులా సన్నగా ఉండేది. అదేమీ జబ్బు కాదు. ఆ ఊళ్ళో ఎవరైనా కోపంతో ఇల్లు విడిచి వెళ్తే గొంతులో బరువైన సగం ఇంట్లోనే ఉండిపోతుంది. మామూలుగా నాలుగు రోజులకి కోపం చల్లారి, గొడుగు మర్చిపోయాననో ఛార్జర్ మర్చిపోయాననో వంక పెట్టుకుని వెళ్తారు. కూర్చుని దాపరికం లేకుండా నాలుగు మాటలు మాట్లాడితే పోయిన సగం వచ్చి అతుక్కుంటుంది. ఇతను ఇల్లు విడిచి తొమ్మిదేళ్ళు. తిరిగి వెళ్ళాలని లేక కాదు. ప్రతి ఆదివారం ఆ వీధి చివరిదాకా నడిచి వెనక్కి వచ్చేవాడు.

ఒక బుధవారం పొద్దున్న షాపు యజమాని ఒక చీటీ తెచ్చి అతని బల్లమీద పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. వేరే ఎవరో బిగించిన సిస్టమ్. ఫిర్యాదు దగ్గర, టీవీలో ఎవరు మాట్లాడినా ఒకే గొంతు వస్తోందని రాసి ఉంది. కింద చిరునామా. అది అతని ఇల్లే. వేరేవాళ్ళని పంపమనడానికి నోరు తెరిచాడు గానీ, కాళ్ళు అప్పటికే బ్యాగు దగ్గరకి వెళ్ళాయి.

తలుపు భార్య తీసింది. ఆమె కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తుంది. చెవి దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు తప్ప ఏమీ మారలేదు. విడాకులు ఆమె అడగలేదు, అతనూ అడగలేదు. "రండి, పెట్టె ఆ మూల ఉంది" అంది, ఏ మెకానిక్‌తోనైనా అన్నట్టే. కాపురం చేసిన ఆరేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా అతన్ని మీరు అనలేదు.

సోఫాలో అత్తగారు కూర్చుని ఉంది. పెద్దావిడకి రెండేళ్ళుగా సన్న శబ్దాలు వినబడవు, బరువైనవి మాత్రమే చెవికెక్కుతాయి. ఆవిడకోసమే కూతురు ఈ సిస్టమ్ కొంది. ఆవిడ అతన్ని చూసి, మందుల షాపుకి వెళ్ళొచ్చిన మనిషిని పలకరించినట్టు, "వచ్చావా బాబూ" అని మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

టీవీలో ఒకడు సబ్బు అమ్ముతున్నాడు, అతను ఇంట్లో వదిలిపోయిన గొంతుతో. తర్వాత లాయరు వాదించాడు, అదీ అతని గొంతే. వాతావరణం చెప్పే కుర్రాడు నోరు విప్పితే, మూలనున్న పెట్టె గంభీరంగా రేపు జల్లులు పడొచ్చంది. తన గొంతు తను విని తొమ్మిదేళ్ళయింది. ఇంత బాగుండేదా అనుకున్నాడు, ఏడుపొచ్చింది.

సంగతేమిటో భార్య ముక్కుసూటిగా చెప్పింది. ఇన్నాళ్ళూ ఆ గొంతు బీరువా కింద పడి ఏదో గొణుక్కుంటూ ఉండేది, ఎవరికీ అడ్డం లేదు. పెట్టె రాగానే అందులో దూరింది. బిగించినవాళ్ళు నాబ్ నూట యాభై దాకా తిప్పి పోయారు. అప్పట్నుంచి అది ఊళ్ళోవాళ్ళందరి మాటలూ మాట్లాడుతోంది. షాపులో పొద్దస్తమానం మనుషులతో వేగి ఇంటికొస్తే ఇదొకటి. "గీత కిందికి దించి వెళ్ళండి" అంది.

ఎనభైకి దించితే ఆ గొంతు ఇక మాట కాదు, ఉరుముల్లో కలిసిపోయే వట్టి గుడగుడ. ఈ ఇంట్లో తనదంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని తన చేత్తోనే నొక్కేయాలి. అయినా అడిగింది ఆమె కదా అని మోకాళ్ళమీద కూర్చుని, అలవాటుగా ఒక్క తిప్పుతో ఎనభై దగ్గర పెట్టాడు.

వాతావరణం కుర్రాడికి తన కీచుగొంతు తనకొచ్చింది. గది ఖాళీ అయినట్టుంది. పెద్దావిడ అటూ ఇటూ చూసి, "టీవీ ఎందుకు ఆపారే" అంది. తెరమీద పెదాలు కదులుతూనే ఉన్నాయి.

అతను బ్యాగు సర్దుకోబోయాడు. భార్య కదలలేదు. ఒక్కో అంకే చూద్దాం, ఒకేసారి తిప్పేస్తే ఎలా తెలుస్తుంది అంది. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. అద్దం మీద అద్దం మార్చి రోజుకి ముప్ఫైమందిని ఆమె అడిగే ప్రశ్న ఇప్పుడు అతను ఆమెని అడిగాడు.

"ఇది బాగుందా, ముందుదా?"

"ముందుదే."

తొంభై. వంద. ఒక్కో అంకె దగ్గరా ఆమె తల అడ్డంగా ఊపింది. నూట ఇరవై దగ్గర, మళ్ళీ మూలలోంచే వస్తోందంది. వెనక్కి తిప్పి నూట పది దగ్గర పెట్టాడు.

"ఆగు" అంది. టీవీ నోరు నొక్కేసింది. "ఇప్పుడు నువ్వు ఏదైనా మాట్లాడు."

ఏం మాట్లాడాలి? మామగారు పోయిన రోజు అతను ఒక కొత్త హాల్లో పెద్ద స్పీకర్లు పరీక్షిస్తున్నాడు. ఆమె పదకొండుసార్లు ఫోన్ చేసింది. ఆ మోతలో వినబడలేదని చెప్పాడు. నీకు ప్రపంచంలో అన్నీ వినబడతాయి, నేను తప్ప అందామె. ఆ మాటకే అంత కోపం తెచ్చుకుని మెట్లు దిగిపోయాడు.

"ఆ రోజు ఫోన్ వస్తున్నట్టు నాకు తెలిసింది" అన్నాడు. సన్నసగం అతని నోట్లోంచి, బరువైన సగం పెట్టెలోంచి, రెండూ ఒకేసారి వచ్చాయి. అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. "జేబులో వణికింది. పని అయ్యాక చూద్దామనుకున్నాను. వినబడలేదన్నది అబద్ధం. నీ మీద కాదు కోపం. దొరికిపోయానని."

పెద్దావిడ మొత్తం వింది. చీరకొంగు సర్దుకుంది. భార్య కళ్ళు తెరవలేదు.

"బీరువా కింద ఇన్నేళ్ళూ ఏం గొణుగుతోందో అర్థమయ్యేది కాదు" అంది చివరికి. "రాత్రిళ్ళు చెవి ఆనించి కూడా విన్నాను. మాట తెలియలేదు. ఏడుస్తోందని మాత్రం తెలిసేది."

అతని చేతులకి ఏదో ఒక పని కావాలనిపించింది. కూర్చునే చోటు పెట్టెకి ఎంత దూరమో కొలిచి, సిస్టమ్ మొత్తాన్నీ నడిపే రిసీవర్‌కి చెప్పాలి, లేకపోతే శబ్దాలు వెనకాముందూ అవుతాయని గొణిగి టేపు తీశాడు. సోఫా దాకా కొలిచాడు. ఆమె కుర్చీ దాకా కొలిచాడు. టేపు చుట్టబోతుంటే ఆమె లేచి వంటగదిలోంచి ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి, గోడవారగా వేసింది.

"దీనిదాకా కూడా కొలువు" అంది.

వంగి కొలిచాడు. "మూడు మీటర్ల నలభై" అని పైకి చదివాడు. ఈసారి పెట్టె ఏమీ పలకలేదు. బరువూ సన్నా కలిసి మొత్తం అతని గొంతులోంచే వచ్చింది. అతను అది గమనించినట్టు లేదు. అత్తగారు మాత్రం ఇటు తిరిగింది.

"అంత దూరం దేనికి బాబూ, కాస్త ఇటు జరుపు" అంది.

అతను కుర్చీ జరిపి, మళ్ళీ కొలిచాడు.