క్యాబేజీ గడ్డ కట్టేదాకా

ఆ ఇంట్లో మామగారూ కోడలూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. తగాదా ఏమీ లేదు. పెళ్ళయిన కొత్తలో బెరుకు కొద్దీ ఆమె మాట్లాడలేదు, ఏం మాట్లాడాలో తోచక ఆయన మాట్లాడలేదు. ఆ తర్వాత మొదలుపెట్టడానికి ఇద్దరికీ మొహమాటం అడ్డొచ్చింది. అత్తగారు ఉండి ఉంటే చెరో మొట్టికాయ వేసి మాట్లాడించేదేమో గానీ, ఆవిడ ఈ పెళ్ళికి ముందే పోయింది.

అందుకని మాటలు మోసే పని మధ్యలో ఉన్నవాడి మీద పడింది. "ఒరే, టీ అయిందేమో కనుక్కో" అనేవాడు తండ్రి, కోడలు గ్లాసు పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉండగా. "ఇదిగో, తెచ్చానని చెప్పండి" అనేది ఆమె. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "పగలంతా లిఫ్టులతో జనాన్ని మోయిస్తాను, ఇంటికొస్తే మీ మాటలు నేను మోయాలి" అని నవ్వేవాడు. మోసేటప్పుడు దారిలో కాస్త చక్కెర కూడా కలిపేవాడు. కూర మరీ కారంగా ఉందని తండ్రి విసుక్కుంటే, "నాన్నకి ఇంకొంచెం కావాలట" అని పెళ్ళాం చెవిన వేసేవాడు. ఆమె పొంగిపోయి ఇంకో గరిటె వడ్డించేది. పెద్దాయన ముక్కు ఎగబీలుస్తూ తినేవాడు.

చలి మొదలవుతుండగా ఆ మాటలు మోసే మనిషి పోయాడు. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్తే మళ్ళీ ఇంటికి రాలేదు. వెళ్ళేముందు కూడా ఆటోలో కూర్చుని, "నారు జాగ్రత్త, ఎండిపోనివ్వకండి" అన్నాడు. ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. ఎవరితో అన్నాడో ఆ హడావుడిలో ఎవరూ అడగలేదు. ఆ మాట తనతోనే అన్నాడని ఆమె అనుకుంది.

ఏటా చలికాలం వచ్చిందంటే అతనికి పెరడే లోకం. ఇంటి వెనక బట్టలుతికే బండకీ ప్రహరీ గోడకీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా వరసలు తీర్చేవాడు. గోడ వారగా ముల్లంగి. అది బంకమట్టి నేల, చలికాలంలో ఓ పట్టాన ఆరదు. ఆ సంగతి తెలిసింది అతనొక్కడికే. ఈ ఏడు నారు నాటడం అయ్యాక ఒక్క క్యాబేజీ మొక్క మిగిలితే, పారెయ్యడానికి మనసొప్పక గోడ మూల ఇటుకముక్కల గుట్టలో గుచ్చాడు. "అక్కడ అదెలా బతుకుతుందండీ?" అని ఆమె వెక్కిరించింది. "బతికితే బతుకుతుంది, పోనీ" అన్నాడు.

అతను పోయాక ఇల్లు మూగబోయింది. చుట్టాలు ఉన్నన్నాళ్ళు ఎవరో ఒకరు మధ్యలో ఉండేవారు. వాళ్ళూ వెళ్ళిపోయాక మామా కోడలూ మిగిలారు, మాటలు మోసేవాడు లేడు. ఆయన నలభై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. అడ్డొచ్చినవాళ్ళందరి మీదా అరిచి అరిచి, ఇంట్లోకి గొంతు మిగల్చుకోలేదు. "టీ పెట్టాను" అని ఆమె తలుపుతో చెప్పేది. "చలి ముదిరింది" అని ఆయన గోడగడియారంతో చెప్పేవాడు. భోజనం వడ్డించి ఆమె వంటింట్లోకి వెళ్ళేది. ఆయన తిని, కంచం కడిగి బోర్లించి, తన గదిలోకి వెళ్ళేవాడు. కూరలో కారం తగ్గించాలన్న సంగతి ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఆయన చెప్పనూ లేదు.

ఆదివారం ఆదివారం ఆమె అన్నయ్య ఫోన్ చేసేవాడు.

"ఇంకా అక్కడెందుకే? ఆ పెద్దాయన నీతో ఒక్క మాటైనా మాట్లాడతాడా? వచ్చెయ్. మీ వదిన కూడా గది సర్ది పెట్టింది."

"వస్తాలే అన్నయ్యా. క్యాబేజీ గడ్డ కట్టేదాకా ఉండనీ."

"క్యాబేజీ కోసం ఉంటావా? బజార్లో దొరకదా ఏంటి?"

ఏమని చెబుతుంది? ఇక్కడైతే తలుపు వెనక అతని చొక్కా ఇంకా వేలాడుతోంది. అక్కడికెళ్తే ఎంత ప్రేమగా చూసినా చుట్టమే. వెళ్ళాలని ఆమెకి ఏ కోశానా లేదు. కానీ ఉండమని ఒక్కరైనా అనకపోతే, ఏ మొహం పెట్టుకుని ఉండాలి? ఆ ఒక్క మాట అనాల్సిన మనిషి గడియారంతో మాట్లాడుతున్నాడు. అందుకని క్యాబేజీని అడ్డం పెట్టుకుంది. తోట బతికినన్నాళ్ళు తనకి ఈ ఇంట్లో ఓ పని ఉన్నట్టు. తోట పోతే ఆ పనీ పోయినట్టే.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. నీళ్ళు కారే సానరాయి మీద అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించాలి. పొద్దుగూకి ఇల్లు చేరేసరికి వేళ్ళు నాని ముడతలు పడి ఉండేవి. ఆ వేళ్ళతోనే బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేది. మసకచీకట్లో మట్టి పొడిగానే కనిపించేది. ఒక్కో మొక్క మొదట్లో ఒక్కో చెంబు పోసేది. మామగారికి ఈ తోట సంగతే పట్టదని ఆమెకి లోలోపల కోపం. కన్నకొడుకు చివరిసారి నాటిన మొక్కలు, ఒక్కనాడైనా అటు తొంగి చూడడేం? అంత రాతిగుండె ఏమిటి?

మంచు ముసురుకునే రోజులొచ్చాయి. కాలీఫ్లవర్ ఆకులు ముందు పసుపుపచ్చబడ్డాయి. నీళ్ళు చాలడం లేదనుకుని రెండో చెంబు పోసింది. టమాటాలు తల వేలాడేశాయి. మూడో చెంబు పోసింది. క్యాబేజీ కింది ఆకులు ముట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చాయి. ఓ సాయంత్రం వాడిపోయిన మొక్కనొకదాన్ని పట్టి లాగితే, బలం పెట్టకుండానే వచ్చేసింది. వేళ్ళు నల్లగా మెత్తబడి, మురిక్కాలవ వాసన. తాను పోసే ఈ కాసిని నీళ్ళకి ఇంతలా కుళ్ళిపోతాయా? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

ఆ మర్నాడు దుకాణంలో సానరాయి తిప్పే మోటారు కాలిపోయింది. బాగయ్యేదాకా పనిలేదు పొమ్మన్నారు. ఇంకా పూర్తిగా ఎండెక్కకముందే ఇంటికొచ్చింది. వంటింటి వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. పెరట్లోంచి మాటలు వినిపించాయి. ఎవరొచ్చారా అని తొంగి చూసింది.

ఎవరూ రాలేదు. మామగారొక్కరే. కొడుకు పాత స్వెటరు వేసుకుని, నీళ్ళు చల్లే డబ్బా పట్టుకుని, వంగలేక వంగి ఒక్కో మొక్కకీ పోస్తున్నాడు. పసిపిల్లలకి తల తడిపినట్టు ఎంతో జాగ్రత్తగా పోస్తున్నాడు.

"ఒరే, అమ్మాయి సరిగ్గా తినట్లేదు, కాస్త తినమని చెప్పు. రాత్రి కూడా అంతే, గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంది. వాళ్ళన్నయ్య రమ్మంటున్నాడు. గడ్డ కట్టేదాకా ఉంటానని ఫోన్‌లో చెప్పింది, నేను విన్నాను." ఆయన వెక్కుతూ స్వెటరు చేతికి కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ పోశాడు. "నువ్వు నెమ్మదిగానే పెరగరా. తొందరేం లేదు. చావడం మాత్రం చావకు."

ఆయన మాట్లాడుతున్నది కొడుకుతోనో మొక్కతోనో ఆమెకి అర్థం కాలేదు. ఆయనకీ తెలిసి ఉండదు. కానీ ఆ డబ్బాలోంచి నీళ్ళు కారుతుంటే, నల్లబడిన వేళ్ళ సంగతి మాత్రం తేటతెల్లంగా అర్థమైంది. పొద్దున మట్టి తడిగా ఉంటే ఆయన మంచు అనుకుని ఉంటాడు. సాయంత్రానికి పైపొర ఆరిపోతే తాను ఎండిపోయిందనుకుంది. ఒకరికి తెలియకుండా ఒకరు, అతను ఎండిపోనివ్వొద్దన్న మొక్కల్ని ముంచేశారు.

అప్పుడే బయటికి వెళ్ళి చెప్పేస్తే సరిపోయేది. చెప్పాలనే అనుకుంది, గడప మాత్రం దాటలేదు. చెప్పాలంటే ఆయన ఏడుపు తాను విన్నానని ఒప్పుకోవాలి. ఆ డబ్బా ఆయన చేతిలోంచి లాక్కోవాలి. కొడుకుతో మాట్లాడుకోవడానికి ఆ మనిషికి మిగిలింది ఆ డబ్బా ఒక్కటే. వచ్చిన దారినే వెళ్ళి, చీకటి పడేదాకా బస్టాండు బల్ల మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ రాతిగుండె అని తిట్టుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ రోజు నుంచి తాను నీళ్ళు పోయడం మానేసింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. మంచు తెర తీయలేదు, ఎండ మొహం చూపలేదు, ఆ బంకమట్టికి ఆయన పోసే నీళ్ళే ఎక్కువ. రోజుకో మొక్క ఒరిగిపోయింది. ఆమె వంటింటి తలుపు సందులోంచి చూస్తూ ఊరుకుంది. ఆయన భుజాలు కూడా మొక్కలతో పాటే వంగిపోతున్నట్టు అనిపించేది.

అన్నయ్య ఫోన్‌లో ఆమె గొంతు విని, ఈసారి చెప్పాపెట్టకుండా ఆదివారం పొద్దున్నే దిగాడు. ఆమె సంచి సర్దుకుంది. తలుపు వెనక చొక్కా తీసి మడిచి అందులో పెట్టి, మళ్ళీ తీసి అక్కడే తగిలించింది. చెప్పి వెళ్దామని ఇద్దరూ పెరట్లోకి వచ్చారు.

మామగారు తోటంతా పీకేశాడు. కుళ్ళిన మొక్కలన్నీ బండ పక్కన కుప్పగా పోసి ఉన్నాయి. మోకాళ్ళదాకా బురద. అన్నయ్యని చూడగానే ఆయన మొహం కాస్త తేటపడింది. హమ్మయ్య, మధ్యలో నిలబడడానికి ఓ మనిషి దొరికాడు.

"తీసుకెళ్ళు బాబూ. క్యాబేజీ అయ్యేదాకా ఉంటానంది. ఇక క్యాబేజీ లేదు. నా చేతులు స్టీరింగుకే గానీ దీనికి పనికిరావని చెప్పు. రోజూ పోశాను. అయినా నీళ్ళు చాల్లేదు. వాడు చెప్పి వెళ్ళిన ఒక్క పనీ చెయ్యలేకపోయాను."

అన్నయ్య తలూపి చెల్లెలి వైపు తిరిగాడు. ఆ మాట మోసుకురాబోతున్నాడు. ఆమె ఆగలేకపోయింది.

"చాలకపోవడం కాదు మామయ్యా. ఎక్కువయ్యాయి. నేనూ పోశాను."

పెద్దాయన చటుక్కున తలెత్తాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమె కళ్ళలోకి చూడడం అదే మొదటిసారి.

"ఎప్పుడు?"

"సాయంత్రాలు. షాపు నుంచి వచ్చాక."

"నేను పొద్దున పూట... నువ్వెళ్ళాక."

"తెలుసు. ఒకరోజు చూశాను. అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు."

ఆయన కుప్ప వైపు చూశాడు. "అంటే మనిద్దరం కలిసి..." అని, మిగతాది మింగేశాడు. ఆమెకి ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యలో అన్నయ్య, తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"సరే, అయిందేదో అయింది. బస్సు టైమవుతోంది, పదవే" అన్నాడు చివరికి.

"అవును బాబూ, వెళ్ళమను" అన్నాడు పెద్దాయన, మళ్ళీ గోడ వైపు తిరిగిపోయి. "ఇక్కడేముంది? జాగ్రత్తగా వెళ్ళమని..."

"నాతో చెప్పండి మామయ్యా." ఆమె సంచి బండ మీద పెట్టింది. "వెళ్ళమంటే వెళ్తాను. కానీ నాతో చెప్పండి."

పెద్దాయన చూపు గోడ వెంట సాగి ఒకచోట ఆగింది. గోడ మూల ఇటుకముక్కల మధ్య, ఎవరూ లెక్కలో వేసుకోని ఆ మొక్క ఉంది. దానికి ఆయనా పోయలేదు, ఆమె కూడా పోయలేదు. పిడికిలంత గడ్డ కట్టి, మంచుతోనే బతికేసింది. ఆయన బురద చేత్తో దాన్ని చూపించాడు. ఎక్కడో అడుగునుంచి లాక్కొచ్చినట్టు, ముక్కలు ముక్కలుగా వచ్చింది మాట.

"దానికి... సాయంత్రం... నువ్వు పొయ్యమ్మా. నేను పొయ్యను."

అన్నయ్య ఒక్కడే బస్సెక్కాడు.

ఆ సాయంత్రం ఆమె చెంబు పట్టుకుని మూలకి వెళ్ళింది. వంగి, వేలు పెట్టి చూసింది. వెనక గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు.

"తడిగానే ఉంది మామయ్యా" అంది.

"అయితే వద్దులే" అన్నాడు.

ఆమె నీళ్ళు పోయకుండానే లోపలికి వచ్చింది.