తలుపు దగ్గర మనిషి

టమాటాలు ఉప్పునీళ్ళలో తేలుతున్నాయి. ఆమె ఒక్కొక్కటే తీసి, తుడిచి, గుడ్డ మీద వరసగా పెడుతుంటే వెనకనుంచి భర్త గొంతు వినిపించింది.

"ఊరంతా తెరిచేశారు. ఇంకా ఈ కూరగాయలకి తలంట్లేమిటి?"

అతను భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందున్నాడు. పద్నాలుగు నెలలుగా అదే అతని ఆఫీసు. ఆమె ఇంకో టమాటా తీసి తుడిచింది. కరోనా కొత్తలో ఇదే మనిషి పొద్దున్నే పేపరుని ఇస్త్రీ చేసి గానీ చదివేవాడు కాదు. తలుపు గడియ ముట్టుకుంటే మోచేతిదాకా సబ్బు రాసుకునేవాడు. మూడు నెలలకి అతని భయం తీరిపోయింది. భయంతోపాటు పుట్టిన పనులు మాత్రం తీరలేదు. కడగడాలు, తుడవడాలు, బయటి బట్టలు వేరే బకెట్లో నానబెట్టడాలు అన్నీ ఆమె చేతికే అంటుకుని ఉండిపోయాయి. మొదట్లో భయం అందరిదీ, పని ఆమెదీ. పోను పోను భయం కూడా ఆమె ఒక్కదానిదే అయింది. దానికి అతను పెట్టిన పేరు చాదస్తం. ఆమెకి పెట్టిన పేరు ఆరోగ్య శాఖ. "ఆరోగ్య శాఖవారు అనుమతిస్తే కాస్త బయటికి వెళ్ళొస్తాను" అని స్నేహితులకి ఫోన్లో వినిపించేలా అనేవాడు. అవతలివాళ్ళు నవ్వేవారు.

ఆమె మాత్రం ఎలా మానేస్తుంది? నిరుడు అత్తగారికి న్యుమోనియా వచ్చి పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు "ఇక జాగ్రత్తగా చూసుకోవాలి" అన్నాడు. మాట కొడుకుతో అన్నాడు, చూపు మాత్రం కోడలి మీద పెట్టాడు. కొడుకూ తిరిగి ఆమె వైపే చూశాడు. సంతకాలేవీ లేకుండా ఆ జాగ్రత్త మొత్తం ఆమె పేరున రాసేశారు.

ఆమె పనిచేసేది లైబ్రరీలో. పద్దెనిమిదేళ్ళుగా కేటలాగు చూస్తోంది. ఏ పుస్తకం ఏ అలమరలో ఏ మూల ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. నెలల తరబడి మూసి ఉన్న లైబ్రరీ తెరవబోయే ముందురోజు లైబ్రేరియన్ అందర్నీ కూర్చోబెట్టి, "తలుపు దగ్గర ఆడవాళ్ళుంటే బావుంటుంది. జనం గొడవ పడరు" అన్నాడు. అన్నవాడు ఎప్పుడూ తలుపు దగ్గర నిలబడినవాడు కాదు. ఆమెకి ఒక చిన్న బల్ల, జ్వరం చూసే తుపాకి, మాస్కుల డబ్బా, పేరూ ఫోన్ నంబరూ రాయించుకునే రిజిస్టరు ఇచ్చారు. నేల మీద ఆరడుగులకొకటి పసుప్పచ్చ టేపు అంటించిందీ ఆమే. దాంతో రెండు రోజుల్లోనే జనం నోట టేపు మేడమ్ అయిపోయింది.

ఎందుకు మూసేశారని తిట్టేవాళ్ళు కొందరు, ఇంత తొందరగా ఎందుకు తెరిచారని తిట్టేవాళ్ళు కొందరు. గంటే కూర్చోవాలంటే కస్సుమనేవాళ్ళు, తుపాకి నుదుటికి పెడితే "కాల్చేస్తావా ఏంటి?" అనేవాళ్ళు. ఆ జోకుని రోజుకి ఇరవైసార్లు వినేది. ప్రతివాడూ తనే మొదట కనిపెట్టినట్టు నవ్వేవాడు. పోయిన ఉద్యోగం మీద కోపం, ఇంట్లో పిల్లల మీద కోపం, ఎప్పుడు ఏం చెప్తారో తెలియని సర్కారు పెద్దల మీద కోపం. వానలో వచ్చినవాళ్ళు గొడుగులు వదిలినట్టు అన్నీ ఆమె బల్ల దగ్గర వదిలేసి హాయిగా లోపలికి పోయేవారు. రోగాన్ని ఆమే కనిపెట్టినట్టు. వాళ్ళ మీదా జాలే వేసేది, కానీ ఆ జాలి సాయంత్రం నాలుగయ్యేసరికి అరిగిపోయేది.

ఒకావిడ మాత్రం రోజూ సరిగ్గా పదకొండింటికి వచ్చి, అడగకుండానే నుదురు ముందుకు పెట్టి, నంబరు రాసి, చేతికందిన పుస్తకం తీసుకుని మూల కుర్చీలో కూర్చునేది. పుస్తకం తెరిచేది కాదు. గంటసేపు ఊరికే కూర్చుని వెళ్ళిపోయేది. ఆమెని చూస్తే టేపు మేడమ్‌కి ఎందుకో ప్రాణం కుదుటపడేది.

రెండో వారం బుధవారం ఒక పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. మాస్కు లేదు.

"మాస్కు పెట్టుకోండి సార్."

"నాకు ఊపిరాడదు."

"లేకపోతే ఇదిగో, ఇక్కడున్నాయి" అని డబ్బాలోంచి ఒకటి తీసి ఇవ్వబోయింది.

"నేను ఈ లైబ్రరీకి రావడం మొదలుపెట్టేటప్పటికి నువ్వు పలకా బలపం పట్టుకుని ఉంటావు. నాకు చెప్తున్నావా? తలుపు దగ్గర నిలబెట్టగానే పెద్ద ఆఫీసరునైపోయాననుకుంటున్నావా?" అంటూ ఆమె చేతిలోని మాస్కుని వేలితో తోసేశాడు. అది టేపు మీద పడింది. వెనక వరసలోవాళ్ళు చోద్యం చూస్తున్నారు.

"మాస్కు లేకుండా లోపలికి పంపలేను సార్" అందామె. గొంతు వణికింది. వణికినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

అప్పుడు లైబ్రేరియన్ బయటికొచ్చాడు. "అయ్యో సార్, మీరా, రండి రండి" అని తలుపు బార్లా తెరిచాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఒక్కరే కదా మేడమ్, సర్దుకుందాం. పెద్దవారు. సారీ చెప్పండి" అన్నాడు.

ఆమె చెప్పింది. మాస్కు వెనకనుంచి ఆ మాట వేరెవరో అన్నట్టు వినిపించింది. పెద్దాయన రెండు గంటలు కూర్చున్నాడు. లైబ్రేరియన్ ఆయన్ని గదిలోకి పిలిచి టీ కూడా ఇప్పించాడు. కింద పడిన మాస్కుని మాత్రం ఆమే వంగి తీసి చెత్తబుట్టలో వేసింది.

ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. ఎందుకు చెప్పిందో తనకే తెలీదు. అతను తెరమీదనుంచి కళ్ళు తిప్పకుండా, "నువ్వు కాస్త మెల్లిగా చెప్పాల్సింది. నీ మాట తీరు అలాంటిది" అన్నాడు. కాసేపాగి, "అన్నట్టు ఆదివారం మా ఆఫీసువాళ్ళు ఎనిమిదిమంది భోజనానికి వస్తున్నారు. ఎన్నాళ్ళయిందో అందరం కలిసి" అన్నాడు.

"అత్తయ్య ఉన్నారు కదండీ."

"అమ్మని గదిలో ఉంచి తలుపేస్తే సరి. అయినా, రోజూ వందమంది మధ్య నిలబడి ఇంటికొచ్చేదెవరు? నేనా, నువ్వా? ఇంట్లోకి తెస్తే గిస్తే నువ్వే తేవాలి."

లోపలి గదిలోంచి అత్తగారు, "ఎనిమిదిమందికంటే పొద్దున్నే మొదలెట్టుకోవాలి వంట" అన్నారు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఊరికే నిలబడింది. నువ్వే తేవాలి. సంవత్సరం పైగా ఈ గడపలోకి దుమ్ము రేణువైనా రాకుండా కాసింది తను. ఆ కాసినదాన్నే అనుమానించాలట. తిరిగి ఏదో అనాలి. ఏమనాలో అప్పుడు తట్టలేదు. ఇలాంటివాటికి మాట ఎప్పుడూ మర్నాడు తడుతుంది, అప్పటికి అవతలివాళ్ళు మర్చిపోయి ఉంటారు.

శనివారం పొద్దున లైబ్రరీ ఫోను మోగింది. "తలుపు దగ్గరుండే మేడమ్‌తో మాట్లాడాలి" అంది ఒక మగ గొంతు. నీరసంగా ఉంది. పోల్చుకోవడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

"నాకు పాజిటివ్ వచ్చిందమ్మా. మొన్న… నేను అలా అనకుండా ఉండాల్సింది. నాలుగు గోడల మధ్య ఒక్కణ్ణీ ఉండి ఉండి పిచ్చెక్కినట్టయింది." దగ్గుతో ఆగాడు. "మిగతావాళ్ళకి మీరు చెప్తారు కదూ?"

ఆమెకి మొదట అత్తగారు గుర్తొచ్చారు. బుధవారం నుంచి మూడు రాత్రులు తను ఆ ఇంట్లోనే ఉంది. తర్వాత కోపం వచ్చింది. చివరికి ఈయన క్షమాపణ కూడా తన నెత్తిన ఒక పని పెట్టిపోయింది. అయినా "చెప్తాను. మీరు వేడిగా ఏదైనా తాగి పడుకోండి" అంది. ఆయాసం వస్తే ఏ నంబరుకి చేయాలో కూడా రాయించింది.

లైబ్రేరియన్ విని తలుపు దగ్గరికి వేశాడు. "పైవాళ్ళకి రాస్తాను. వాళ్ళు చెప్పేదాకా ఎవరికీ అనకండి మేడమ్. మళ్ళీ మూసేయమంటారు. మూసేస్తే జనం మనల్నే తిడతారు."

"తిట్లు తినేది నేనే కదా సార్. నాకు అలవాటే."

"అది కాదు. అనవసరంగా భయపెట్టడమెందుకని."

"మీరూ ఆయన పక్కన కూర్చుని టీ తాగారు సార్."

లైబ్రేరియన్ గడ్డం కిందున్న మాస్కుని గబుక్కున ముక్కు మీదికి లాక్కున్నాడు.

ఆమె రిజిస్టరు తీసుకుని వెనక అలమరల మధ్యకి కుర్చీ లాక్కుంది. అందులో బుధవారంనాడు పేరు రాసినవాళ్ళు ముప్ఫైఎనిమిది మంది. ఒక్కొక్క నంబరే నొక్కింది. ఒకడు "మీరు తెరవబట్టే కదా!" అని అరిచాడు. ఎందుకు మూసేశారని ఎక్కువ అరిచింది అతనే. ఒకాయన ఇదంతా ఒట్టి నాటకమన్నాడు. ఒక ముసలాయన, మా ఇంట్లో పసిపిల్ల ఉందమ్మా అన్నాడు. పాతికో నంబరు దాటాక ఆమె గొంతు బొంగురుపోయింది. పదకొండింటి ఆవిడ ఫోనెత్తి అంతా విని, "మళ్ళీ మూసేస్తారన్నమాట. ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగింది.

"తెలీదండీ."

"ఆ ఒక్క గంటే నాకు…" అంది ఆవిడ. అవతల ఎవరో "ఎవరూ?" అని గద్దించారు. "రాంగ్ నంబర్" అని ఫోను పెట్టేసింది.



అందరికీ అయ్యాక భర్తకి చేసింది. విషయం చెప్పి, "ఇంట్లోకి తెస్తే నేనే తేవాలన్నారు కదా. అందుకని లోపలికి రాను. బయటి మెట్ల మీదుగా పైగదిలోకి వెళ్తున్నాను, పద్నాలుగు రోజులు. మీరూ అత్తయ్యా ఇవాళే పరీక్ష చేయించుకోండి, నేనూ వచ్చేదారిలో చేయించుకుంటాను" అంది.

"మరి రేపు? వాళ్ళు…"

"వాళ్ళకి మీరు చెప్పండి. మీకు మొహమాటమైతే నేను చెప్తాను. పొద్దుట్నుంచి ముప్ఫైఎనిమిది మందికి చెప్పాను. ఇంకో ఎనిమిదిమందికి చెప్పడం నాకో లెక్క కాదు."

పైగదిలో పాత పరుపు, అతను కొని రెండు రోజులు తొక్కి వదిలేసిన వ్యాయామం సైకిలు, అట్టపెట్టెలు ఉన్నాయి. ఆమె పరుపు దులిపి కూర్చుంది. మొదటిరోజు కిందనుంచి పందొమ్మిది ఫోన్లు వచ్చాయి. కారం డబ్బా ఎక్కడ? స్టవ్వు వెలగట్లేదేం? వాషింగ్ మెషీన్‌లో పొడి ఏ అరలో వేయాలి? పందొమ్మిదింటికీ చెప్పింది. ఇరవయ్యోది ఎత్తలేదు. ఇల్లేమీ కూలిపోలేదు.

మూడోరోజు పొద్దున కింద అత్తగారు దగ్గడం కిటికీలోంచి వినిపించింది. ఆ దగ్గు ఆమెకి బాగా తెలుసు. నేనే తెచ్చానా? నేనేనా? భర్తకి ఫోన్ చేసి, వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను మందుల డబ్బాలో ఎక్కడుందో, ఎంత చూపిస్తే ఆస్పత్రికి పరిగెత్తాలో చెప్పింది. "తొంభయ్యేడు" అన్నాడతను. అతని గొంతు పిల్లాడి గొంతులా ఉంది. రెండు రోజుల తర్వాత ముగ్గురి ఫలితాలూ వచ్చాయి. ఎవరికీ ఏమీ లేదు. ఆమె అట్టపెట్టెకి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. అది సంతోషమో, అలసటో, ఎన్నాళ్ళుగానో దాచుకున్న ఉక్రోషమో విడదీసి చూడలేదు.

అత్తగారు ఫోన్ చేశారు. "మామూలు దగ్గేనట. నా మాత్రలు మూడుపూటలా ఏవి వేసుకోవాలో వాడు నన్నడిగి కాగితం మీద రాసుకున్నాడే. ఇన్ని నెలలూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు. నువ్విస్తుంటే చూడనేలేదట." కాస్త ఆగి, "ఆ రోజు వంట గురించి నేనూ అలా అనాల్సింది కాదు" అన్నారు.

తొమ్మిదోరోజు లైబ్రేరియన్ ఫోన్. ఆ ముప్ఫైఎనిమిది మందిలో నలుగురికి పాజిటివ్ వచ్చింది, తొందరగా తెలిసింది కాబట్టి అందరూ తేరుకుంటున్నారు. పెద్దాయన కూడా ఆస్పత్రినుంచి ఇంటికొచ్చాడు. "మన చొరవని పైవాళ్ళు చాలా మెచ్చుకున్నారు మేడమ్" అన్నాడు. మన చొరవ. ఆమెకి నవ్వొచ్చింది.

"వచ్చే నెల మళ్ళీ తెరుస్తున్నాం. తలుపు దగ్గర మీరే…"

"నిలబడతాను సార్. కానీ నేను వద్దన్నవాళ్ళని మీరు రమ్మంటే, ఆ క్షణంనుంచి ఆ బల్ల మీది. నేను కేటలాగుకి వెళ్ళిపోతాను. ఇదే పొద్దున రాసి మీకూ పైవాళ్ళకీ పంపించాను."

"చూద్దాం మేడమ్" అన్నాడతను. ఎప్పుడూ "సర్దుకుందాం" అనే మనిషి. ఆమె అంతవరకు చాలనుకుంది.

పద్నాలుగో రోజు సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. భర్త తలుపు అవతల నిలబడ్డాడు. రెండోసారి పరీక్షలోనూ ఆమెకి ఏమీ లేదని అతనికీ తెలుసు. బొంగురుగా, మొహమాటంగా, "అయిపోయాయి కదా రోజులు. రేపట్నుంచి మామూలేగా?" అన్నాడు.

ఆమె గడియ మీద చేయి వేసి ఆగింది.

"మామూలంటే ఏమిటండీ?"

"అదే… ఎప్పట్లాగే. పొద్దున్నే నువ్వు లేచి పాలు పెట్టి, అమ్మకి మాత్రలిచ్చి, టిఫిను చేసి…" అతను అక్కడ తడబడ్డాడు. "బాక్సులు కట్టి… బట్టలు…" ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టబోయి ఆగిపోయాడు. తలుపు అవతల అతని ఊపిరి వినిపిస్తోంది.

ఆమె గడియ మీదనుంచి చేయి తీసి, కుర్చీని తలుపు దగ్గరికి లాక్కుని, తీరుబడిగా కూర్చుంది.

"ఇంకా ఉన్నాయి" అంది. "చెప్పండి, వింటున్నాను."