ప్రార్థన వరుస

మా ఆయన్ని చిన్నప్పుడు ఇంట్లో బొంగరం అని పిలిచేవారట. ఆ పేరు పెట్టింది వాళ్ళన్నయ్య. కుదురుగా కూర్చుని అన్నం తిన్న పాపాన పోలేదట, కంచం చేత్తో పట్టుకుని గదులన్నీ తిరిగేవాడట. మీసం సరిగ్గా రాకముందే ఇల్లు వదిలేశాడు. లారీల మీద క్లీనరుగా వెళ్ళాడు, సినిమా హాల్లో టార్చిలైటు వేసి జనానికి సీట్లు చూపించాడు, రేవులో మూటలు మోశాడు, ఒక సర్కస్ కంపెనీలో గుడారానికి మేకులు కొట్టాడు. ఎక్కడా ఒక వానాకాలం దాటి ఉండలేదు. పని నచ్చక కాదు, జీతం చాలక కాదు. "పొద్దున లేవగానే నిన్నటి గోడే కనిపిస్తే నాకు ఊపిరాడేది కాదోయ్" అని పెళ్ళయిన కొత్తలో నాతోనే చెప్పాడు, మా గది గోడకు ఆనుకుని కూర్చుని. నేను పకపకా నవ్వాను. అది నవ్వాల్సిన మాట కాదని తర్వాత తెలిసింది.

ఆయన దేవుణ్ణి నమ్ముకున్న కథ నాకు కంఠతా వచ్చు. ఎన్ని సభల్లో విన్నానో లెక్కలేదు. ఎక్కడికో పోతూంటే దారిలో బస్సు చెడిపోయింది. పైన కుండపోత వాన. ఎదురుగా రేకుల కప్పుతో ఒక ప్రార్థన మందిరం కనిపిస్తే తల దాచుకోవడానికి దూరాడు. అక్కడ రిటైరైన కాంపౌండరుగారు ఒకాయన తువ్వాలు ఇచ్చి తల తుడుచుకోమన్నాడు. పేరడిగాడు. ఇంకేమీ అడగలేదు. వాన వెలిసింది, ఈయన తన దారిన తను పోయాడు.

ఆ మందిరంలో ఒక పద్ధతి ఉండేది. ఆఖరి ప్రార్థనకు ముందు కాంపౌండరుగారు లేచి ఆ రోజు రానివాళ్ళ పేర్లన్నీ పైకి చెప్పేవారు. జబ్బుపడ్డవాళ్ళు, ఊళ్ళు వెళ్ళినవాళ్ళు, పోట్లాడి మానేసినవాళ్ళు, అందరినీ. మళ్ళీ ఏడాదికో ఎప్పటికో ఈయన అదే ఊరిమీదుగా పోతూ, ఊరికే చూద్దామని లోపలికెళ్ళి వెనక బల్లమీద కూర్చున్నాడు. కాంపౌండరుగారు పేర్లు చదువుతున్నారు. మధ్యలో ఈయన పేరు వచ్చింది.

"ఇక్కడే ఉన్నానండీ" అన్నాడట, బడిపిల్లాడిలా లేచి నిలబడి.

కాంపౌండరుగారు కళ్ళద్దాలు పైకెత్తి చూసి, "అయితే వచ్చేవారం నుంచి నీ పేరు తీసేస్తాను. కూర్చో" అన్నారట.

ఇక్కడ సభలో జనం నవ్వుతారు. ఆ తర్వాత ఏడుస్తారు. ఎందుకంటే మా ఆయన గొంతు తగ్గించి, "నేనెక్కడున్నానో నాకే తెలియని రోజుల్లో, ఒక ముసలాయన వారం వారం నా పేరు దేవుడికి గుర్తుచేస్తూ కూర్చున్నాడు" అంటాడు. నేను కూడా ప్రతిసారీ ఏడుస్తాను. అది అబద్ధం కాదు. ఆ రోజు మనిషి నిజంగా మారాడు. ఆ ఊళ్ళోనే ఆగిపోయాడు, బాప్తిస్మం తీసుకున్నాడు, కాంపౌండరుగారి దగ్గర బైబిలు చదవడం నేర్చుకున్నాడు. నేను అప్పుడు చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుట్టేదాన్ని. ఇప్పుడూ అదే పని. కాంపౌండరుగారే మధ్యవర్తిగా ఉండి మా పెళ్ళి జరిపించారు. బొంగరానికి తాడు దొరికిందని మందిరంలో అందరూ వేళాకోళం చేశారు. తాడు చుట్టేది బొంగరాన్ని తిప్పడానికేనని ఒక్కరికీ తట్టలేదు, నాతో సహా.

మొదట్లో సైకిలు మీద చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి సువార్త చెప్పి దీపాలు పెట్టేవేళకు వచ్చేసేవాడు. తర్వాత బస్సుల మీద వెళ్ళి శనివారానికి వచ్చేవాడు. ఆ తర్వాత మైకులొచ్చాయి, బ్యానర్లొచ్చాయి, తీసుకెళ్ళడానికి కార్లొచ్చాయి. ఒక సభ దగ్గర్నుంచి ఇంకో సభకు అటునుంచటే పోవడం మొదలైంది. ఒకసారి ఉండబట్టలేక నోరు జారాను. "పెళ్ళికి ముందు ఊరికే తిరిగేవారు, ఇప్పుడు దేవుడి పేరు చెప్పి తిరుగుతున్నారు" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. చేటంత ముఖం చేసుకుని, "చూశావా, దేవుడు నా కాళ్ళను కూడా వదిలిపెట్టలేదు" అన్నాడు.

తక్కిన ఆడవాళ్ళకు పోట్లాడటానికి సారా ఉంటుంది, పేకాట ఉంటుంది, ఇంకో ఆడది ఉంటుంది. నేనెవరితో పోట్లాడను? పైగా ఆయన వల్ల మంచి జరగలేదా అంటే జరిగింది. మా సందులోనే ఒక తాగుబోతు ఆయన మాట విని తాగుడు మానేసి, టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి పోతున్నాడు. వాడి భార్య వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "మీ ఆయన పుణ్యాన మా ఆయన పొద్దుగూకేసరికి ఇల్లు చేరుతున్నాడమ్మా" అంది. నేను ఆమెకు టీ ఇచ్చాను.

మాది సైకిల్ షాపు మీద రెండు గదుల వాటా. పిల్లలు లేరు. కింద రోజంతా గాలి కొట్టే చప్పుడు, బెల్లుల చప్పుడు. ఆ చప్పుడు లేని ఆదివారాలు నాకు భయం. ఒక్క మనిషికి ఎంత బియ్యం పొయ్యాలో నాకిప్పటికీ చేతికి రాలేదు, ఎప్పుడూ మిగిలిపోతుంది. కార్ఖానా నుంచి వచ్చి, తాళంచెవి నా చేతిలోనే ఉన్నా ముందు తలుపు తట్టేదాన్ని. ఒకసారి పక్కవాటా ఆవిడ చూసి, "ఎవరున్నారు లోపల?" అని అడిగింది. చెయ్యి అలవాటు అని ఏదో అన్నాను. మందిరానికి వెళితే, "అయ్యగారు ఏ ఊళ్ళో ఉన్నారమ్మా?" అని అడుగుతారు. ఏదో ఒక ఊరు పేరు చెప్పేదాన్ని. కాంపౌండరుగారు పోయాక వచ్చిన కొత్త పాస్టరుగారు, టైము చాలట్లేదని రానివాళ్ళ పేర్లు చదవడం ఆపేశారు.

ఆ యేడు నాకు జ్వరం వచ్చి చాలా రోజులు తగ్గలేదు. ఆయనకు చెప్పలేదు. చెప్తే వస్తాడు, రాకపోడు. కానీ జ్వరం చూసి వచ్చిన మనిషి జ్వరం తగ్గగానే పోతాడు. లేచి తిరిగే ఓపిక వచ్చాక నాకు ఒకటే కోరిక పుట్టింది, ఒకసారి ఆయన్ని చూడాలి, ఇంటికి రమ్మని నోరు తెరిచి అడగాలి అని. పక్క ఊళ్ళో సభలున్నాయని తెలిసింది. కార్ఖానాలో మేస్త్రీని బతిమాలి పూట సెలవు తీసుకుని బస్సెక్కాను.

బడి ఆవరణలో సభ. ట్యూబులైట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఇసకేస్తే రాలనంత జనం. ఆయన వాన గురించి, తువ్వాలు గురించి చెప్తూంటే నా పెదవులు వాటంతటవే కదిలాయి. మనిషి చిక్కిపోయాడు. చొక్కా నేను కుట్టిందే. ప్రసంగం అయ్యాక స్టేజీ వెనక్కి వెళ్ళబోతే, గుండీకి బ్యాడ్జీ పెట్టుకున్న మీసాలాయన అడ్డొచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

"ఆయన్ని కలవాలండీ."

"అందరూ కలవాలనే వచ్చారు. లైన్లో రండి."

"అది కాదండీ, నేను ఆయన..."

"లైన్లో రండమ్మా! అయ్యగారు ఎవర్నీ వదిలిపెట్టరు, అందరికీ చేస్తారు."

ఒళ్ళు మండింది. అంతలోనే నవ్వూ వచ్చింది. కట్టుకున్న మొగుణ్ణి చూడటానికి కిరసనాయిలుకి నిలబడ్డట్టు నిలబడాల్సి వచ్చిందే అనుకున్నాను. సరే, లైనైతే లైను, ఎదురుగా వెళితే ఆయనే గుర్తుపడతాడు కదా అని, అందరిలాగే తలమీద ముసుగు వేసుకుని నిలబడ్డాను. నా ముందు కాలు వాచిన పిల్లను ఎత్తుకున్న ఒక తల్లి. నా వెనక దగ్గుతూ ఒక ముసలాయన. పక్కన స్పీకర్లో పాటలు హోరెత్తిపోతున్నాయి.

ఆయన కళ్ళు మూసుకునే ప్రార్థన చేస్తాడు. ముఖాలు చూస్తే ఏడుపొస్తుందనీ, ఇక తక్కినవాళ్ళకు చెయ్యలేననీ నాతో అనేవాడు. నా వంతు వచ్చింది. చెయ్యి నా తలమీద పడింది. మేకులు కొట్టి కాయలు కాసిన ఆ చెయ్యి నాకు తెలియదా?

"ఏం కావాలమ్మా?" అన్నాడు. గొంతు పూర్తిగా పోయి ఉంది.

నేనండీ అనబోయాను. కానీ ఆ 'అమ్మా' విన్నాక నోట్లోంచి వేరే మాట వచ్చింది. జ్వరానికి బొంగురుపోయిన గొంతుతో, ఆ పాటల హోరులో, "మా ఆయన ఇంటికి రావాలండీ" అన్నాను.

చెయ్యి నా తలను గట్టిగా పట్టుకుంది. "తండ్రీ" అని మొదలుపెట్టాడు. "ఈ సహోదరి భర్త ఎక్కడ తిరుగుతున్నాడో నీకు తెలుసు. వాడి కాళ్ళు ఇంటివైపు తిప్పు తండ్రీ. ఈ తల్లి ఒంటరితనం వాడి కళ్ళకు కట్టు. ఈమె ఏడుపు వాడి చెవిన పడెయ్యి." చెబుతూంటే ఆయన చెంపలమీద నీళ్ళు కారాయి. చివరికి, "భయపడకమ్మా, వస్తాడు" అన్నాడు. చెయ్యి నా తలమీంచి లేచి ముసలాయన తలమీదికి వెళ్ళింది. మీసాలాయన, "జరగండమ్మా, జరగండి" అన్నాడు.

జరిగాను. ఆఖరి బస్సు దొరికింది. నిజం చెప్పాలంటే ఆ ప్రార్థన నాకు నచ్చింది. నా కోసం అంత ఇదిగా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

కొన్నాళ్ళకు ఒక శనివారం మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చాడు. స్నానం చేసి అన్నానికి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాక తల అడ్డంగా ఊపుతూ అన్నాడు.

"ఆ బడిలో సభలప్పుడు ఒకావిడ వచ్చిందోయ్. పాపం, మొగుడు ఇల్లు పట్టకుండా తిరుగుతున్నాడట. ఆ గొంతు వింటే కడుపు తరుక్కుపోయింది. ఇంతమందికి చేస్తాను, ఆవిడ మాత్రం నా మనసులోంచి పోవట్లేదు. మనిద్దరం ఆవిడ కోసం ప్రార్థన చేద్దాం. వాడు ఇంటికొచ్చాడో లేదో."

"వచ్చాడు" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"ఇప్పుడే వచ్చాడు. అన్నం తింటున్నాడు. సోమవారం మళ్ళీ వెళతాడట."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నువ్వా?" అన్నాడు.

"నేనే."

"మరి అక్కడ చెప్పలేదేం?"

"చెప్పాను కదండీ. మా ఆయన ఇంటికి రావాలని."

ఆయన లేచి, చెయ్యి కడుక్కోకుండానే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "దేవుడు నాకు బుద్ధి చెప్పాడు" అన్నాడు.

"దేవుణ్ణి మధ్యలోకి లాగకండి. ఇది మనిద్దరి సంగతి" అన్నాను. పెళ్ళయ్యాక ఆయనతో అంత కటువుగా మాట్లాడటం అదే మొదలు.

ఆ సోమవారం కారు వస్తే వెనక్కి పంపేశాడు. ఒప్పుకున్న సభలన్నీ మానుకున్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కిటికీ గడియ బాగుచేశాడు. మధ్యాహ్నం కార్ఖానాకు నా డబ్బా తెచ్చి ఇస్తే నా పక్క మిషన్ల వాళ్ళు నన్ను ఏడిపించుకు తిన్నారు. సాయంత్రం తలుపు తడితే లోపల్నుంచి ఒక మనిషి వచ్చి తీసేవాడు. ఆ కొన్ని రోజులూ నేను గాల్లో తేలాను.

తర్వాత నడక మొదలైంది. మంచం నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. కిందికి దిగి, పంక్చరుకి వచ్చినవాళ్ళందర్నీ ఏ ఊరు, ఎటువైపు అని ఆరా తీసేవాడు. రోడ్డుమీద బస్సు హారను వినిపిస్తే నాతో మాట్లాడుతున్నవాడు కాస్తా సగంలో ఆగిపోయేవాడు. విసుక్కోలేదు, పల్లెత్తు మాట అనలేదు. అదే వచ్చింది చిక్కు. నేను కాస్త దిగులుగా కనిపిస్తే చాలు, "ఏం కావాలి?" అని అడిగేవాడు, సభలో అడిగినట్టే. దూరంగా ఉన్న మనిషి కోసం ఎదురుచూడటం నాకు అలవాటే. ఎదురుగా కూర్చున్న మనిషి కోసం ఎలా ఎదురుచూడాలో నాకు తెలియలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కాలు మడతపెట్టి సంచీ సర్దాను. తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"ఏంటిది?"

"వెళ్ళండి."

"నేనుంటానన్నాను కదా. నువ్వు పొమ్మంటే పోతానా?"

"పొమ్మనట్లేదండీ. ఉండమని ఇక అడగలేనంటున్నాను."

ఆయన బాధపడాలని చూశాడు. మంచివాడు, శాయశక్తులా చూశాడు. కానీ ముఖం మాట వినలేదు. సెలవు దొరికిన బడిపిల్లాడి ముఖంలా విప్పారిపోయింది. నేను చూడకూడదని చటుక్కున కిటికీవైపు తిరిగాడు కానీ అప్పటికే చూసేశాను. ఆయన లేని ఇన్నేళ్ళలో ఏ రోజూ నాకంత ఒంటరిగా అనిపించలేదు.

"త్వరగా వచ్చేస్తాను" అన్నాడు.

"సరే" అన్నాను.

మెట్లు రెండేసి చొప్పున దిగి, పెళ్ళినాటి కుర్రాడిలా సందు మలుపు తిరిగిపోయాడు. కింద సైకిల్ షాపాయన చక్రం తిప్పడం ఆపి ఆయన వెళ్ళినవైపు చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు.

"అయ్యగారు మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా?"

"ఆయన ఇంకా రానేలేదండీ" అన్నాను.